నాలుగు మెగాబిట్ల లైనూ, నా స్కూటరూ

లాక్‌డౌన్‌కి రెండేళ్ల ముందు, ఎండలు ఇంకా పూర్తిగా తగ్గని జూన్ నెలలో, నన్ను ఉప్పల్ ఎక్స్ఛేంజీలో లీజ్డ్ లైన్ల విభాగానికి సబ్ డివిజనల్ ఇంజనీరుగా వేశారు. ప్రభుత్వ టెలిఫోన్ సంస్థలో అది నా చివరి పోస్టింగు. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, రామంతాపూర్ నా పరిధి. లీజ్డ్ లైన్ అంటే ఒకే సంస్థకి చెందిన రెండు చోట్లని కలుపుతూ మేము అద్దెకిచ్చే లైను. ఇంట్లో ఇంటర్నెట్ లాగా పదిమందితో పంచుకునేది కాదు. ఎంత వేగమని కాగితం మీద రాసిస్తామో అంత వేగం ఎప్పుడూ ఉండి తీరాలి. ఉండకపోతే జవాబు చెప్పాల్సింది సబ్ డివిజనల్ ఇంజనీరు. అతనికి పైన డివిజనల్ ఇంజనీరు, కింద జూనియర్ టెలికాం ఆఫీసర్లు ఉంటారు. పైనుంచి మెమోలు, కిందనుంచి సెలవు చీటీలు, పక్కనుంచి కస్టమర్ల తిట్లు వస్తూ ఉంటాయి. మూడింటికీ ఒకే ముఖం పెట్టడం అలవాటైనవాళ్లకి ఆ ఉద్యోగం కష్టమేమీ కాదు.

అంతకుముందు చాలా ఏళ్లు మా సంస్థ ట్రైనింగ్ సెంటర్లో పాఠాలు చెప్పాను. కొత్తగా చేరిన ఇంజనీర్లకి నా మొదటి పాఠం బిట్లూ బైట్లూ. డేటాలో అతి చిన్న ముక్క బిట్టు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. లైనులోంచి పోయేది ఒక్కొక్క బిట్టే కాబట్టి మా లైనువాళ్లు వేగాన్ని సెకనుకి ఇన్ని బిట్లు అని చెబుతారు. కంప్యూటర్లవాళ్లు ఫైళ్లు దాచుకునేవాళ్లు కాబట్టి వాళ్ల లెక్క బైట్లలో ఉంటుంది. మా మెగాబిట్లని వాళ్ల మెగాబైట్లలోకి మార్చాలంటే ఎనిమిదితో భాగించాలి. వాళ్ల ఫైలు సైజుని మా లెక్కలోకి తేవాలంటే ఎనిమిదితో హెచ్చవేయాలి. ఇంతే సంగతి. దీన్ని నేను గంటన్నర చెప్పేవాణ్ణి.

కిలో అంటే వెయ్యా, వెయ్యిన్నీ ఇరవై నాలుగా అన్న పేచీ ఒకటుంది. దానికి మరో అరగంట పట్టేది. బోర్డు నిండిపోయాక చొక్కా చేతులకి అంటిన సుద్ద దులుపుకుంటూ, ఇది గుర్తుపెట్టుకున్నవాడు జన్మలో కస్టమర్ ముందు తలదించుకోడు అనేవాణ్ణి. పిల్లలు వెనక బెంచీల్లో నాకు 'బై ఎయిట్ మూర్తి' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి నాకు తెలియదని వాళ్ల నమ్మకం. నాకు తెలుసు, పైగా లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఉప్పల్‌లో చేరిన వారానికే నేను ప్రారంభించాల్సిన లైను ఒకటి వచ్చింది. నాచారం పారిశ్రామికవాడ రోడ్డులో యాదగిరి గారనే ఆయనకి ఒక స్కానింగ్ సెంటరు ఉంది. మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మనిషి, నాన్న రైల్వేలో ఫిట్టరు. ఎవరి దగ్గరో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చాలా కాలం పనిచేసి, బావమరిదితో కలిసి ఒక సీటీ స్కాన్ మెషీను కొన్నారు. మెషీను ఉంది, నడిపే చెయ్యి ఉంది. తీసిన బొమ్మలు చూసి రిపోర్టు రాసే రేడియాలజిస్టు మాత్రం నాచారంలో లేరు. ఆవిడ డాక్టర్ వసుంధర గారు, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక మేడ మీద గదిలో కూర్చుని నాలుగైదు సెంటర్ల బొమ్మలు చూస్తారు. యాదగిరి గారు ప్రతి కేసునీ సీడీలో వేసుకుని తన బండి మీద ఉప్పల్ తీసుకెళ్లేవారు. ఆయన ఉప్పల్‌లో ఉంటే ఇక్కడ మెషీను ఆగేది. ఇక్కడ ఉంటే అక్కడ రిపోర్టు ఆగేది. ఆ అవస్థ పోవడానికే నాచారం నుంచి ఉప్పల్‌కి సెకనుకి నాలుగు మెగాబిట్ల లైను అడిగారు.

లైను అప్పగించే రోజున మాకొక పద్ధతి ఉంటుంది. అవతలి చివర మావాళ్లు లూప్ పెడతారు, అంటే ఇక్కణ్ణుంచి వెళ్లిన బిట్లు అక్కడ తాకి మళ్లీ ఇక్కడికే వచ్చేలా తిప్పుతారు. ఇవతల నేను టెస్టర్ పెట్టెని తగిలించి, తెలిసిన వరసలో బిట్లు పంపి, తిరిగొచ్చినవాటిలో ఎన్ని తప్పులున్నాయో చూస్తాను. ఆ రోజు తప్పులు సున్నా. వేగం సరిగ్గా నాలుగు. పెట్టె తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలుగుతుంటే యాదగిరి గారిని పిలిచి చూపించాను.

"సార్, నాలుగంటే నాలుగే గదా?" అని అడిగారాయన.

"నాలుగంటే నాలుగేనండీ. పిసరంత తగ్గినా నన్ను అడగండి," అన్నాను.

ఆయన మనసులో ఉన్నది మెగాబైట్లు. నేను చూపించింది మెగాబిట్లు. గంటన్నర పాఠం నా నాలుక చివరే ఉంది, ఆయన అడగలేదు కాబట్టి నేను విప్పలేదు. అడిగి ఉంటే మధ్యాహ్నం భోజనం కూడా మానేసి చెప్పేవాణ్ణి. సంతకాలు అయ్యాక ఆయన ఇప్పించిన చాయ్ తాగి, ఇంకో లైను దిగ్విజయంగా ముగించానన్న తృప్తితో స్కూటరెక్కాను.

తరవాత కొన్ని వారాలు ఏ గొడవా రాలేదు. రాకపోవడానికి కారణం ఉంది. ఎక్కువగా వచ్చేవి తల స్కానులు, అవి చిన్న కేసులు. పంపమని నొక్కి, చాయ్ తాగొచ్చేలోపు ఉప్పల్ చేరిపోయేవి. బండి మీద వెళ్లి రావడంతో పోలిస్తే అది యాదగిరి గారికి స్వర్గం. ఆ ధైర్యంతోనే ఆయన పక్క వీధిలోని నర్సింగ్ హోముతో ఒక ఒప్పందం చేసుకున్నారు. ఫ్యాక్టరీల్లో దెబ్బలు తగిలినవాళ్లని తన దగ్గరికి పంపితే పావుగంటలో రిపోర్టు తెప్పిస్తానని మాటిచ్చారు. నాలుగు అంకెని నమ్ముకుని ఇచ్చిన మాట అది.

ఆగస్టులో ఒక రోజు పొద్దుటినుంచీ ముసురు. నేను నాచారంలోనే మరో కస్టమర్ దగ్గర ఉన్నాను. పదకొండు గంటల వేళ యాదగిరి గారి ఫోను. "సార్, మీ లైన్ ఖరాబైంది. జల్ది రాండ్రి. ఈడ పేషెంట్ ఉన్నడు," అన్నారు. గొంతులో ఎప్పుడూ ఉండే నెమ్మది లేదు. పక్క సందే కాబట్టి వెంటనే బయల్దేరాను. టెస్టర్ పెట్టె స్కూటర్ ముందు భాగంలోనే ఉంది. అది లేకుండా నేను కూరగాయలకి కూడా వెళ్లనని మా ఆవిడ ఫిర్యాదు.

వెళ్లేసరికి సంగతి ఇది. లక్ష్మయ్య అనే అతను, దగ్గర్లో ఒక రేకుల తయారీ షెడ్డులో పని. కారుతున్న కప్పు సరిచేయడానికి పైకెక్కి జారి కిందపడ్డాడు. నర్సింగ్ హోమువాళ్లు అతన్ని స్కానుకి పంపారు. అక్కడి సర్జను గారికి రెండు విషయాలు తెలియాలి. తలలో రక్తం చేరిందా, మెడ ఎముక విరిగిందా. తలలో రక్తం చేరితే వెంటనే పెద్ద ఆసుపత్రికి తరలించాలి. మెడ విరిగి ఉంటే తెలియకుండా కదిలించకూడదు. రెండింటికీ జవాబు వసుంధర గారి నోటినుంచి వస్తేగానీ ఆయన అతన్ని ముట్టుకోనన్నారు. యాదగిరి గారు తల, మెడ, ఛాతీ, పొట్ట అన్నీ తీసి, మొత్తం ఒకే కేసుగా ఉప్పల్‌కి పంపడం మొదలుపెట్టారు. అన్నీ కలిపి తొమ్మిది వందల మెగాబైట్లు.

తొమ్మిది వందల్ని నాలుగుతో భాగించి, నాలుగు నిమిషాల్లోపే వెళ్లిపోతుందని ఆయన లక్ష్మయ్య భార్య రేణుకకి చెప్పారు. పది నిమిషాలు దాటాక నాకు ఫోను చేశారు. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఇరవై నిమిషాలు అయ్యాయి. కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చ పట్టీ సగం దాటి, అరవై శాతం దగ్గర పాకుతోంది. స్ట్రెచర్ మీద లక్ష్మయ్య మెడకి పట్టీతో కళ్లు మూసుకుని ఉన్నాడు. రేణుక అతని పాదం పట్టుకుని నిలబడింది. తడిసిన చీర కొంగు నుంచి నీళ్లు కారుతున్నాయి. నన్ను చూసి ఆవిడ ముఖంలో ఆశ కనబడింది. మెడలో సంస్థ వారి కార్డు, చేతిలో పెట్టె ఉన్న మనిషిని చూస్తే ఎవరికైనా ఆశ కలుగుతుంది.

యాదగిరి గారు తెర మీద ఒక మూల వేలు పెట్టి చూపించారు. "సూడున్రి సార్. నాలుగని జెప్పి సంతకం తీస్కున్నరు. అర గూడ వస్తలేదు."

నిజమే. అక్కడ వేగం సెకనుకి అర మెగాబైటు కంటే కాస్త తక్కువ అని కనబడుతోంది. నాలుగు మెగాబిట్లని ఎనిమిదితో భాగిస్తే అర మెగాబైటే. ప్రతి బిట్ల మూటకీ మేము చిరునామా రాసిన కవరు తొడిగి పంపుతాం. ఆ కవర్ల బరువు కూడా లైనే మోయాలి కాబట్టి కాస్త తగ్గింది. లైను అద్భుతంగా పనిచేస్తోంది. జీవితమంతా ఆ ఒక్క భాగహారం నేర్పిన మనిషిని నేను. ఆ తెర చూడగానే నా నోటినుంచి రావాల్సిన మాట, 'లైను బాగానే ఉంది, ఇంకో పావుగంటలోపు అయిపోతుంది, ఎవరూ దేన్నీ ముట్టుకోకండి' అని.

కానీ నా లైనుని ఖరాబు అన్నారు. పేషెంటు ముందు, పేషెంటు భార్య ముందు అన్నారు. నాకు రోషం వచ్చింది. లైను బాగుందని నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? పెట్టెతో చూపించాలి. మా నియమం ప్రకారం కస్టమర్ డేటా పోతుండగా పరీక్ష చేయకూడదు. ముందు లైనుని మాకు వదలాలి, వదిలినట్టు సంతకం పెట్టాలి. నేను కాగితం తీశాను. యాదగిరి గారు చదవకుండానే సంతకం చేశారు. బాగుచేయడానికి వచ్చినవాడు ఏం చేసినా బాగుకే చేస్తాడని ఆయన అనుకున్నారు. నేను కేబుల్ పీకాను.

అరవై శాతం మీద ఉన్న ఆకుపచ్చ పట్టీ ఎర్రబడి, ఆ తరవాత మాయమైంది. మధ్యలో తెగితే ఆ సాఫ్ట్‌వేర్ మళ్లీ మొదటి బొమ్మ నుంచి మొదలుపెడుతుందనీ, కేసు మొత్తం చేరాకే అవతల తెరుచుకుంటుందనీ నాకు అప్పటిదాకా తెలియదు. యాదగిరి గారికి తెలుసు. ఆయన తలమీద చెయ్యి పెట్టుకున్నారు.

మావాళ్లకి ఫోను చేసి అవతల లూప్ పెట్టించాను. పరీక్ష పదిహేను నిమిషాలు చేయాలని మా పుస్తకంలో ఉంది. మానవత్వంతో ఐదు నిమిషాలకే ఆపాను. ఫలితం వేగం నాలుగు, తప్పులు సున్నా. పెట్టెని ఆయన వైపు తిప్పి, "చూశారా, ఒక్క బిట్టు కూడా తప్పు లేదు," అన్నాను. అంత స్వచ్ఛమైన లైను ఆ చుట్టుపక్కల ఇంకోటి ఉండదు. ఆ క్షణాన ఆ గదిలో దాన్ని మెచ్చుకునే మనిషి కూడా ఇంకొకరు లేరు.

యాదగిరి గారు కేబుల్ తగిలించి, కేసుని సున్నా నుంచి మళ్లీ పంపడం మొదలుపెట్టారు. గోడకి రోగుల పేర్లు రాసే తెల్ల బోర్డు ఒకటుంది. దాని కింద మార్కర్ పెన్ను కనబడింది. చెయ్యి ఊరుకోలేదు. "యాదగిరి గారూ, ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది. మీరు చూసేవి బైట్లు, మేము ఇచ్చేవి బిట్లు..." అంటూ బోర్డు మీద ఎనిమిది అంకె వేశాను. అది అందంగా వచ్చింది కూడా.

"సారూ," అంది రేణుక. గట్టిగా అనలేదు. "మీ లెక్కలు నాకు తెల్వయ్. మా ఆయన బొమ్మలు ఆ డాక్టరమ్మ ఎప్పుడు సూస్తదో గది జెప్పున్రి సాలు."

అంతలో వసుంధర గారి ఫోను వచ్చింది. యాదగిరి గారు ఫోను నా చేతికిచ్చారు. లైను బాగుందండీ, పరీక్ష చేశానండీ అని నేను మొదలుపెట్టాను. ఆవిడది విజయవాడ వైపు మాట, మర్యాదగానే ఆపేశారు. "లైను సంగతి నాకెందుకండీ మూర్తి గారూ. బొమ్మలు నా ముందుకి ఎప్పుడొస్తాయో చెప్పండి."

ఇద్దరూ ఒకే ప్రశ్న అడిగారు. ఇన్నేళ్లలో నా పెట్టె ఏనాడూ జవాబు చెప్పని ప్రశ్న అది. అప్పుడు బోర్డు మీద నా కోసం నేను లెక్క వేసుకున్నాను. తొమ్మిది వందల మెగాబైట్లు, ఎనిమిదితో హెచ్చవేస్తే ఏడు వేల రెండు వందల మెగాబిట్లు. సెకనుకి నాలుగు చొప్పున పద్దెనిమిది వందల సెకన్లు, అంటే అరగంట. కవర్ల బరువు కలిపితే ఇంకో నాలుగు నిమిషాలు. నేను కేబుల్ పీకకపోయి ఉంటే ఈపాటికి చివరికొచ్చేది. ఆ మాట బోర్డు మీద రాయలేదు కానీ, రేణుక నా ముఖంలో చదివే ఉంటుంది. నిజంగా సిగ్గేసింది.

సిగ్గులోంచి నాకు ఒక వీరోచితమైన ఆలోచన పుట్టింది. నాచారం నుంచి చిలకానగర్ లోపలి సందుల్లోంచి వెళితే నా స్కూటరు మీద ఉప్పల్ రింగ్ రోడ్డు పావుగంట. వసుంధర గారితో, "నేనే తెస్తున్నానండీ," అన్నాను. ఆవిడ "అది కాదండీ, ముందు..." అని ఏదో చెప్పబోతున్నారు. వినే ఓపిక లేక ఫోను పెట్టేశాను. యాదగిరి గారు మెషీను దగ్గర్నుంచి కదలడానికి వీల్లేదు. కేసు మొత్తాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, పైన రెయిన్‌కోటు తొడుక్కుని బయల్దేరాను. టెస్టర్ పెట్టె అక్కడే వదిలేశాను. సర్వీసులో దాన్ని వదిలి కదలడం అదే మొదటిసారి.

వాన పెరిగింది. చిలకానగర్ సందుల్లో మోకాలి కింద దాకా నీళ్లు, ఎక్కడ గుంట ఉందో తెలియదు. బుర్ర మాత్రం అలవాటు ప్రకారం లెక్కలు వేస్తోంది. ఏడు వేల రెండు వందల మెగాబిట్లు నా జేబులో ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో వేసిన సమయంతో కలిపి ఇరవై నిమిషాల్లో చేరితే నా వేగం సెకనుకి ఆరు మెగాబిట్లు. మా సంస్థ అమ్మిన లైను కంటే ఒకటిన్నర రెట్లు. ముప్పై ఏళ్లు పైగా రకరకాల లైన్లు వేసిన నేను, వాటన్నిటికీ జీతం తీసుకున్న నేను, చివరికి డొక్కు స్కూటరు మీద వాటిని ఓడిస్తున్నాను. ఈ లైనులో తప్పులు సున్నా, జేబులోంచి పడిపోతే తప్ప. ఆ మాట తట్టగానే బండి ఆపి, రెయిన్‌కోటులో చెయ్యి పెట్టి జేబు తడుముకున్నాను. ఉంది.

రింగ్ రోడ్డు దగ్గర మెట్రో స్తంభాల కింద సిగ్నల్ పడింది. ముందు రెండు సిటీ బస్సులు, షేర్ ఆటోల గుంపు. నిలబడి ఉన్నంతసేపూ నా ఆరు కాస్తా కరిగిపోతోంది. పక్క ఆటోవాడు నా వైపు చూసి, "ఏంది అంకుల్, ఏం లెక్కవెడుతున్నరు?" అన్నాడు. నా పెదవులు కదులుతున్నాయని అప్పుడు తెలిసింది. వసుంధర గారి మేడ మెట్లెక్కేసరికి ఇరవై నాలుగు నిమిషాలు. సెకనుకి ఐదు మెగాబిట్లు. అయినా లైను మీద నాదే గెలుపు.

ఆవిడ నన్ను కూర్చోమని కూడా అనకుండా పెన్‌డ్రైవ్ అందుకున్నారు. తెర మీద బూడిదరంగు ముక్కలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నేను చూసినా నాకు ఏమీ తెలియదు, కానీ ఆవిడ ముఖం చూస్తూ నిలబడ్డాను. కొద్దిసేపటికి సర్జను గారికి ఫోను చేసి, మెడ ఎముకలు బాగున్నాయనీ, తలలో ఎడమవైపు రక్తం గడ్డ ఉందనీ, ఆలస్యం చేయకుండా తరలించమనీ చెప్పారు. అవతల అంబులెన్సు సిద్ధంగా ఉన్నట్టుంది, మాట రెండు ముక్కల్లో అయిపోయింది. గోడకి ఆనుకున్నాను.

అప్పుడావిడ కుర్చీ ఇటు తిప్పి, "అన్నీ కలిపి ఒకే కేసుగా ఎందుకు పంపారండీ?" అని అడిగారు. "సర్జను గారు అడిగింది తలా మెడా. ఆ రెండూ ముందు విడిగా పంపితే ఎప్పుడో చూసి చెప్పేదాన్ని. ఛాతీ, పొట్ట వెనకాల నెమ్మదిగా వచ్చినా ఫరవాలేదు. ఫోనులో అదే చెప్పబోయాను. మీరు పెట్టేశారు."

తలా మెడా కలిపి రెండు వందల మెగాబైట్లు. ఎనిమిదితో హెచ్చవేసి నాలుగుతో భాగిస్తే నాలుగు వందల సెకన్లు. కవర్లతో కలిపి ఎనిమిది నిమిషాలకి మించదు. ఆవిడ మాట రెండు క్షణాలు విని ఉంటే, నేను ఇంకా చిలకానగర్ నీళ్లలో ఈదుతుండగానే ఆ బొమ్మలు లైను మీద నన్ను దాటి వెళ్లిపోయేవి. నా లైను ఆ పనికి నిక్షేపంలా సరిపోతుంది. తల స్కానులు చాయ్ తాగేలోపు వెళుతున్నాయని వారాల తరబడి నేనే అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. దాన్ని మొదట అనవసరంగా పీకి ఆపాను, తరవాత అనవసరంగా స్కూటరుతో ఓడించాను. ఒకే పూటలో రెండూ చేసిన ఇంజనీరు మా సర్కిల్‌లో ఇంకొకరు ఉండరనుకుంటాను.

ఆవిడ నాకు తువ్వాలు ఇచ్చి, కాఫీ తెప్పించారు. కాఫీ తాగుతుండగా ఆవిడ రెండో తెర మీద చిన్న గంట మోగింది. లక్ష్మయ్య కేసు పూర్తిగా చేరిందని సందేశం. లైను తన పని తాను చెప్పిన వేళకి ముగించింది. ఇద్దరం దాన్ని చూశాం. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కప్పు అడ్డం పెట్టుకున్నారు.

లక్ష్మయ్యకి ఆ మధ్యాహ్నమే ఆపరేషను జరిగింది, బతికాడు. ఆ ఆలస్యం అతని ప్రాణం మీదికి రాకపోవడం అతని అదృష్టం. అందులో మా సంస్థకి గానీ నాకు గానీ చెందాల్సిన ఘనత లేదు. మర్నాడు ఫిర్యాదు మూసేటప్పుడు నియమం ప్రకారం కారణం ఎంచుకోవాలి. ఉన్నవాటిలో నిజమైనది ఒకటే కనబడింది. 'పరీక్షించాం, లైనులో లోపం లేదు' అన్నది ఎంచుకున్నాను. లోపం ఎక్కడుందో రాయడానికి అక్కడ గడి లేదు, ఉన్నా నా హోదా రాయనిచ్చేది కాదు.

తరవాత యాదగిరి గారి సెంటర్లో పద్ధతి మార్చాం. దెబ్బల కేసు వస్తే డాక్టరు ముందు అడిగిన భాగం విడిగా, మొదట వెళుతుంది. నా వైపు నుంచి కూడా ఒకటి మార్చుకున్నాను. కొత్త లైను ఇచ్చినప్పుడల్లా అప్పగింత పత్రం చివర, వంద మెగాబైట్ల ఫైలు ఈ లైను మీద ఎన్ని నిమిషాల్లో చేరుతుందో తెలుగులో రాసి ఇచ్చేవాణ్ణి. నాలుగు మెగాబిట్ల లైను అయితే నాలుగు నిమిషాలు. ఇలాంటి వాక్యం పత్రం నమూనాలో లేదని మా డివిజనల్ ఇంజనీరు గారు అభ్యంతరం చెప్పారు. రిటైరవడానికి కొద్దికాలమే ఉంది కాబట్టి వినిపించుకోలేదు. సంతకాలకి ముందు కస్టమర్‌ని రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి. మీ ఫైళ్లలో అన్నిటికంటే పెద్దది ఎంత? అందులో అవతలివాళ్లకి ముందు కావాల్సింది ఏ ముక్క? ఎనిమిది సంగతి వాళ్లు అడిగితేనే ఎత్తేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

కొన్ని నెలల తరవాత వేరే పని మీద యాదగిరి గారి దగ్గరికి వెళ్లాను. లక్ష్మయ్య మళ్లీ పరీక్ష కోసం వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. తలకి టోపీ, పక్కన రేణుక. నన్ను గుర్తుపట్టి ఆవిడ అతనికి పరిచయం చేసింది. "గీ సారేనయ్యా, ఆ దినం తార్ వీకింది. మల్ల స్కూటర్ మీద బొమ్మలు వట్కవోయింది గూడ గీ సారే."

లక్ష్మయ్య లేచి దణ్ణం పెట్టాడు. రెండింటిలో దేనికి పెట్టాడో నాకు తెలియలేదు. నేనూ చేతులు జోడించాను.

"ఇయ్యాల ఎంతసేపు వడ్తది సార్?" అని అడిగాడు.

గోడ మీద తెల్ల బోర్డు ఉంది. కింద మార్కరూ ఉంది. "తల ఒక్కటే కదా, ఐదు నిమిషాలు," అన్నాను. ఆ జవాబు అతనికి సరిపోయింది.